ఎర పక్షాన ఒక ప్రశ్న

ఫ్లారిడా సముద్రపు ఒడ్డున ఒక సాయంత్రం మా అబ్బాయి స్నేహితుడొకడు, తెలుగువాడే, సొరచేపకు ఎర కట్టడం చూశాను. బతికిన చేపను తడిచేత్తో పట్టుకుని, వెన్నురెక్క పక్కన, వెన్నెముకకు పైనున్న కండలోంచి గాలం దూర్చాడు. "లోతుగా దిగితే వెన్నెముకకు తగులుతుంది మాస్టారూ, వెంటనే చస్తుంది" అన్నాడు. మొన మాత్రం బయటికి ఉండాలట. కండలో కూరుకుపోతే సొర నోటికి పట్టదు. తర్వాత చిన్న పడవలో అలలు దాటి ఎరను వదిలి వచ్చాడు.

అతను కఠినుడు కాడు. 2019 జూలై 1 నుంచి అక్కడ అమలైన నిబంధనలు అతనికి కంఠతా వచ్చు. ఒడ్డు నుంచి సొరను పట్టేవారు పాఠం చదివి అనుమతి పొందాలి. మొన లోపలికి తిరిగిన సర్కిల్ హుక్కే వాడాలి. అది గొంతులోకి దిగకుండా సాధారణంగా దవడ మూలన పట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుది పనికిరాదు. నిషిద్ధ జాతి సొరను నీటిలోనే ఉంచి, దారం తెంపి అయినా ఆలస్యం లేకుండా వదిలెయ్యాలి. మంచి నిబంధనలే. అయితే ఆ శ్రద్ధంతా సొర మీదనే. వెన్నులో ఇనుము మోస్తున్న చిన్నచేప నొప్పి ప్రసక్తి వాటిలో లేదు. మన జాలి పెద్దదాని మీద, అరుదైనదాని మీద, ఫోటోకెక్కేదాని మీద నిలుస్తుంది. మనుషుల మధ్య కూడా అది ఈ హోదాలనే పాటిస్తుంది గదా!

చేపకు నొప్పేమిటి అనేవారున్నారు. 2003లో ఎడింబరో శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేపల పెదవుల్లో అసిటిక్ ఆమ్లం ఎక్కిస్తే అవి తిండి మానేశాయి, అడుగునున్న గులకరాళ్లకు పెదవులు రాసుకున్నాయి. మార్ఫిన్ ఇస్తే ఆ చేష్టలు తగ్గాయి. ఇది ఉత్త ప్రతిక్రియే, అనుభూతి కాదనే వాదం ఇంకా ఉంది. ఆ వాదం తేలేదాకా అనుమానపు లాభం గాలం పట్టినవాడికే ఎందుకు దక్కాలో నాకు బోధపడదు.

వలలో పడ్డ చేప కూడా బాధపడుతుంది, నిజమే. కాని జాలరికి ఆ బాధతో పనిలేదు. అది లేకుండా చేప దొరికితే అతనికి నష్టమేమీ లేదు. బతికిన ఎర సంగతి వేరు. వాసనే కావాలంటే చచ్చిన చేపముక్క చాలు. బతికినదాన్ని గుచ్చేది దాని పెనుగులాట కోసం. నీటిలో ఆ కదలికను సొర దూరం నుంచే పసిగడుతుంది. దగ్గరికి వచ్చాక, ఆ చేప ఒంట్లో పుట్టే సన్నని విద్యుత్తును ముట్టె మీది రంధ్రాలతో కనిపెడుతుంది. అంటే ఇక్కడ పెనుగులాటే పనిముట్టు. జర్మనీలో బతికిన చేపను ఎరగా గుచ్చడం నిషిద్ధం. అక్కడ చేపల వేట ఆగిపోలేదు.

ఆకలిగొన్నవాడి గాలం వేరు, వినోదానికి పట్టి వదిలేవాడి గాలం వేరు అని ఇక్కడితో ఆపుదామనుకున్నాను. ఆ తేడా నిజమే. కాని అది గాలం పట్టినవాడి తేడా, గాలానికున్న ప్రాణిది కాదు. చిన్నప్పుడు మా ఊరి కాలవగట్టున కొర్రమేను కోసం బతికిన కప్పపిల్లను గుచ్చింది నేనే. ఇంట్లో కూరకు వేరే దారి లేని రోజులు. చచ్చిన కప్పకు కొర్రమేను పడదని మా చిన్నాన్న అనేవాడు. నేను ఒక్కసారైనా పెట్టి చూడలేదు.