మొహమాటం ఎవరికుండాలి?

మొహమాటానికి ఇంగ్లీషులో సరైన మాట లేదని మనం తరచు అనుకుంటూంటాం. థాయి భాషలో మాత్రం ఉంది. ‘క్రేంగ్‌జై’ అంటారు. క్రేంగ్ అంటే జంకు, జై అంటే మనసు. నా వల్ల అవతలివాళ్లకి ఇబ్బంది కలుగుతుందేమో అన్న జంకు అన్నమాట. మన మాటలో మొహం ఉంది, వాళ్ల మాటలో మనసు ఉంది. ఆ తేడా పక్కన పెడితే రెండూ అక్కాచెల్లెళ్లే. బ్యాంకాక్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో లెక్కలు చెప్పడానికి పోయిన ఆగస్టులో చేరాను. ఈ పది నెలలూ నన్ను వదలని ప్రశ్న ఈ మాట చుట్టూనే తిరుగుతోంది. మొహమాటం గుణమా, లోపమా? లోపమే అయితే దాన్ని పిల్లల్లోంచి తీసెయ్యడం టీచరు పనేనా?

ఇదేమీ ఊసుపోక పుట్టిన ప్రశ్న కాదు. మా బళ్లో నడిచేది ఇంటర్నేషనల్ బాకలారియేట్ చదువు. 1968లో జెనీవాలో మొదలైన ఈ సంస్థ, విద్యార్థిలో పెంపొందాల్సిన పది లక్షణాలని ఒక జాబితాగా ఇస్తుంది. జిజ్ఞాస, ఆలోచన, భావాలు పంచుకోగలగడం, తెగువ, విశాల దృష్టి, ఇతరుల పట్ల శ్రద్ధ, ఇలా. మా క్లాసు గోడల మీద రంగురంగుల్లో అంటించి ఉంటాయి. మంచి జాబితానే, కాదనను. కానీ రోజువారీ పనిలో వీటిలో కొన్ని బయటికి కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. చెయ్యెత్తి అడిగే పిల్లవాడి జిజ్ఞాస అందరికీ కనిపిస్తుంది. పక్కవాడు ఇంకా ఆలోచిస్తున్నాడని, జవాబు తెలిసి కూడా ఆగిన పిల్లలోని శ్రద్ధ ఎవరికి కనిపిస్తుంది?

రిపోర్టులు రాసే వారంలో కొత్త టీచర్లకి మాదిరి వాక్యాలు ఇచ్చారు. అందులో అందరూ ఎక్కువగా వాడేది ‘క్లాసులో ఇంకా చొరవగా పాల్గొనాలి’ అన్నది. ఆ వాక్యం ఎవరెవరికి సరిపోతుందా అని పేర్లు రాసుకుంటూ పోతే ఒక సంగతి తట్టింది. దాదాపు అందరూ థాయి పిల్లలే. ఒక జపాన్ అమ్మాయి, ఒక తమిళ పిల్లవాడు. ఒక కొలత ఎప్పుడూ ఒకే రకం ఇళ్లనుంచి వచ్చిన పిల్లల్నే తక్కువ తూస్తుంటే, అది పిల్లల్ని తూస్తోందా, వాళ్ల ఇళ్లనా? ‘మీ అమ్మాయి ఇంకా గట్టిగా మాట్లాడాలి’ అంటే చాలామంది తల్లిదండ్రులకి ‘మీరు తప్పుగా పెంచారు’ అనే వినబడుతుంది.

అలాగని మొహమాటాన్ని వెనకేసుకు రావడం కూడా అంత తేలిక కాదు. ఒక అమ్మాయి పరీక్ష కాగితం నా చేతికిస్తున్నప్పుడు వేళ్లు తగిలాయి. ఒళ్లు కాలిపోతోంది. ఆ జ్వరంతోనే గంటన్నర రాసింది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, ‘అందరూ రాసుకుంటున్నారు కదా ఖ్రూ, మై పెన్ రై’ అంది. మన ‘ఫర్వాలేదులెండి’ లాంటిదే ఆ మై పెన్ రై. ఈరోజు జ్వరం. రేపు ఆ పిల్లని ఎవరైనా ఏడిపిస్తేనో, చెయ్యకూడని చోట చెయ్యి వేస్తేనో? అప్పుడూ మై పెన్ రై అంటే?

మొహమాటానికి పోతే కడుపైందని మనకో సామెత ఉంది. నవ్వుతూ చెప్పుకుంటాం. ఇక్కడికి వచ్చాక ఆ నవ్వు ఎవరి మీదా అని ఆలోచించాను. వద్దనలేకపోయిన ఆడమనిషి మీదే. ఆమె మొహమాటాన్ని వాడుకున్న మగవాడు సామెతలో ఎక్కడా లేడు. అతనికి మొహమాటం ఉండనక్కర్లేదని ముందే తేలిపోయినట్టుంది.

నాకు దొరికిన ఆధారం ఇదే. మొహమాటం మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు రాదు. ఎవరు ఎవరి దగ్గర మొహమాటపడుతున్నారు అని అడగాలి. బలం ఉన్నవాడు లేనివాడి ముందు ఆగితే అది మర్యాద. ఎప్పుడూ కిందివాళ్లే పైవాళ్ల ముందు ఆగుతుంటే అది భయం, మర్యాద పేరుతో చలామణీ అవుతోంది, అంతే.

ఇది పిల్లల దగ్గరే ఆగదు. చాలా దేశాల్లో ఇంటర్నేషనల్ స్కూళ్లు బయటి దేశాలనుంచి తెచ్చుకున్న టీచర్లకి ఒక ఒప్పందం, స్థానికులకి మరో ఒప్పందం ఇస్తాయి. నాతో పనిచేసే థాయి సహాయక టీచరుకి నాకు వచ్చే ఇంటి అద్దె రాదు, జీతమూ తక్కువే. నాకంటే పన్నెండేళ్లు సీనియరు. ఒక మీటింగులో సాయంత్రం బస్సుల దగ్గర డ్యూటీ సహాయకులకి వేద్దామన్నారు. ‘ఎవరికైనా అభ్యంతరమా?’ అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఖాయమైపోయింది. మర్నాడు క్యాంటీన్లో ఆవిడ చెప్పింది, ఆ వేళకి తన కొడుకుని బడినుంచి తెచ్చుకోవాలట. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. ఎవరి మౌనాన్ని అంగీకారంగా తీసుకుంటాం, ఎవరు మౌనంగా ఉంటే ‘ఏమైందండీ’ అని అడుగుతాం? మా ప్రిన్సిపాల్ ఒక నిమిషం మాట్లాడకపోతే గదంతా కంగారు పడుతుంది.

నా సహోద్యోగి ఒకాయన, ఇంగ్లండునుంచి వచ్చినవాడు, ఈ వాదన ఒప్పుకోడు. ‘ఈ పిల్లలు రేపు లండనో మెల్‌బోర్నో వెళ్తారు. అక్కడ వీళ్ల కోసం ఎవరూ ఆగరు. ఇప్పుడు మాట్లాడించకపోతే మనమే అన్యాయం చేసినట్టు’ అంటాడు. అందులో నిజం ఉంది. జ్వరం పిల్ల గుర్తొస్తే ఇంకా ఎక్కువ నిజం అనిపిస్తుంది. అయితే గట్టిగా మాట్లాడటాన్ని రెండో భాష నేర్పినట్టు నేర్పొచ్చు. ఇంగ్లీషు నేర్పడానికి తెలుగుని జబ్బు అననక్కర్లేదు కదా. పైగా నేర్పాల్సింది ఒక్కవైపే కాదు. అందరికంటే ముందు అరిచేవాడికి ఆగడం కూడా నేర్పాలి. ‘ఇతరులకి చోటివ్వడం నేర్చుకోవాలి’ అనే వాక్యం మాదిరి వాక్యాల్లో వెతికాను. కనబడలేదు. నేనే రాశాను, ఇద్దరు పిల్లలకి.

1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు క్లాసుల్లో ఒక చిన్న విషయం గమనించింది. టీచర్లు ప్రశ్న అడిగి సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకి పెంచితే అంతవరకూ నోరు విప్పని పిల్లలు కూడా జవాబు చెప్పడం మొదలుపెట్టారు. మారింది పిల్లలు కాదు, టీచరు. నేనూ ఆగుతున్నాను. సందేహాలు చీటీ మీద రాసి ఇవ్వొచ్చన్నాను. ఆ చీటీల్లో వచ్చే ప్రశ్నలు చాలాసార్లు చెయ్యెత్తినవాళ్ల ప్రశ్నలకంటే బరువైనవి.

ఇక్కడ గురువుని ‘ఖ్రూ’ అంటారు. మన గురువే. ఏటా సాధారణంగా జూన్‌లో, గురువారంనాడే, గురుపూజ చేస్తారు. నూరు వరహాల పూలు బుద్ధి సూదిలా పదునెక్కాలని, గరిక చదువు దానిలాగే అల్లుకోవాలని, తలవంచుకుని పూసే వంకాయ పువ్వు వినయానికి గుర్తుగా తెచ్చి ఇస్తారు. నిన్నగాక మొన్న వచ్చిన నా ముందు కూడా మోకాళ్ల మీద కూర్చున్నారు. అంత గౌరవం పుచ్చుకున్నాక మొహమాటపడాల్సింది ఎవరు? ఆ వంకాయ పువ్వు నా చేతికిచ్చింది నాకు చెప్పడానికే అనుకుంటాను.

బస్సు డ్యూటీ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. నేను వెళ్లి మాట్లాడనా అని ఆవిడని అడిగాను. వద్దంది. నేను మాట్లాడితే తనే చెప్పించిందనుకుంటారట. అది ఆవిడ ఇష్టమా, ఆవిడ జంకా? జంకే అయినా దాన్ని దాటి ఆవిడ తరఫున మాట్లాడే హక్కు నాకుందా? మళ్లీ మీటింగు వచ్చే బుధవారం. అప్పటిదాకా సాయంత్రం బస్సుల దగ్గర ఆవిడ బదులు నేను నిలబడుతున్నాను. దానికి మాత్రం ఆవిడ మై పెన్ రై అనలేదు.