మార్కుల్లేని మర్యాద

మా మేనల్లుడు పద్మారావునగర్‌లో మా ఇంట్లోనే ఉండి ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. మొన్న ఆదివారం పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఎదుట ఎవరూ లేకుండానే చెయ్యి చాపి చిరునవ్వు నవ్వుతుంటే హడలిపోయాను.

"ఏమైందిరా?"

"సాఫ్ట్ స్కిల్స్ అత్తయ్యా! ఎలా పలకరించాలో, అవతలివాళ్ళ మాట అడ్డుపడకుండా ఎలా వినాలో కాలేజీలో నేర్పుతున్నారు."

నవ్వొచ్చింది. మా అమ్మ ఇవన్నీ ఫీజు లేకుండానే, అప్పుడప్పుడూ ఓ మొట్టికాయ కలిపి మరీ నేర్పింది!

అయితే నవ్వి ఊరుకునే సంగతీ కాదు. ఉద్యోగానికి కావలసిన నేర్పులు కాలేజీ పిల్లలకు అందించడానికే 2014లో తెలంగాణ ప్రభుత్వం 'టాస్క్' అనే సంస్థను పెట్టింది. పల్లెలో తెలుగు మీడియం చదివొచ్చిన పిల్ల, లెక్కలన్నీ వచ్చినా నలుగురిలో నోరు పెగలక వెనకబడిపోతే అన్యాయం కదూ?

ఇలా అనుకుంటూండగానే గ్యాసు బండ తెచ్చినతను మూడంతస్తులెక్కి రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. మావాడు ఫోన్లోంచి తలెత్తకుండానే "అక్కడ పెట్టి పో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కసురుదామని నోరు తెరిచి ఆగిపోయాను. నిన్న మా పనమ్మాయి కూతురి ఫీజు సంగతేదో చెప్పబోతే "తర్వాత చూద్దాంలేవే" అని టీవీ వైపు తిరిగింది ఎవరు? నేనే! పక్కింటి ఆఫీసరుగారి భార్య నగల కబుర్లు మాత్రం గంటసేపు విన్నాను.

నేర్చుకున్న మర్యాద నటనంటారు కొందరు. నాకలా తోచదు. పసిపిల్లలు నమస్కారం పెట్టేదీ మొదట మనం చెబితేనే. చెయ్యగా చెయ్యగా అదే స్వభావమవుతుంది. నేర్చుకోవడంలో తప్పు లేదు. ఎవరి దగ్గర చూపాలో లెక్క వేసుకోవడంలోనే ఉంది తప్పంతా.

"ముందు ఆయనకి మంచినీళ్ళియ్యి" అన్నాను. మావాడు సిగ్గుపడుతూ గ్లాసు తెచ్చిచ్చి, "కూర్చోండన్నా" అన్నాడు.

అతను వెళ్ళాక నవ్వుతూ, "దీనికి మార్కులెన్ని అత్తయ్యా?" అన్నాడు.

"ఉండవురా. అందుకే ఈ పరీక్ష కష్టం" అన్నాను.

నా పరీక్ష మర్నాడు. పనమ్మాయి రాగానే టీవీ కట్టేసి, "నీ కూతురి ఫీజు సంగతేదో చెప్పబోయావే, కూర్చుని చెప్పు" అన్నాను.