ఎడమచేతి కాయకము

కాయకమనగా దేహమును అరగదీసి చేయు శ్రమయే యను భావము వీరశైవ కుటుంబములలో పెద్దలకు నేటికిని బలముగా నున్నది. మేదర కేతయ్య బుట్టలల్లెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. వారివి కాయలు కాచిన చేతులు. అట్టి శరణుల కథలు వినుచు పెరిగిన ఒక తాతగారు, చల్లని గదిలో కుర్చీపై కూర్చుండి, అరచేతిలో ఇమిడెడు గుండ్రని పిడిని వ్రేళ్ళతో మెల్లగా త్రిప్పుచు, కంప్యూటరు తెరపై యంత్రపు బొమ్మను అన్ని వైపులకు తిప్పి చూచుచున్న మనుమని గాంచి, “ఇదియు కాయకమేనా?” అని అడిగినచో ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. “ఏ పనియైనను పనియే గదా” యను సమాధానము సులభమైనది కాని, అది ప్రశ్నను తాకనైన తాకదు.

అబ్దుల్లాపూర్‌మెట్ వంటి చోట ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురగుచున్నది. విజయవాడ రహదారి వెంబడి హైదరాబాదు నగరము తూర్పునకు ప్రాకి వచ్చి ఈ మండలమును తాకినది. చేల నడుమ ఇంజనీరింగు కళాశాలలు లేచినవి. 1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీ ఈ మండలములోనే అనాజ్‌పూర్ వద్ద నున్నది. 2015లోను 2017లోను విడుదలయిన ‘బాహుబలి’ చిత్రములకు మాహిష్మతీ నగరమును అచ్చటనే కట్టిరి. కొంత కొయ్యతోను సున్నపు పోతలతోను నిలిపిరి. మిగిలినదానిని కంప్యూటరుతో పెంచిరి. వడ్రంగి ఉలియు కంప్యూటరు బొమ్మయు ఒకే కోటను పంచుకొని కట్టినవన్న మాట. ఇక ఈ ప్రాంతపు యువకులు హయత్‌నగర్, ఎల్.బి.నగర్ దాటి దిల్‌సుఖ్‌నగర్‌లోని శిక్షణాకేంద్రములకు పోయి ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, కాటియా నేర్చుకొనుచున్నారు. విదేశీ సంస్థల యంత్రభాగములకు నమూనాలు గీయు పని హైదరాబాదులో స్థిరపడిన వృత్తి. 1991లో ఇచ్చట ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పేర వెలసి, 2014లో సైయెంట్ అని పేరు మార్చుకొనిన సంస్థ అందుకొక నిదర్శనము. కనుక ఇది వేడుక కాదు, అనేక గృహములకు కూడుపెట్టు పని.

తాతగారికి వింతగా తోచిన ఆ పిడిని త్రీడీ మౌస్ అందురు. సాధారణమైన మౌస్‌ను అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందము 1964లో కొయ్యపెట్టెకు చక్రములు బిగించి చేసినది. అది బల్లపై ప్రాకును గాన రెండు దిక్కులనే ఎరుగును. లోకములోని వస్తువట్లు కాదు. అది ముందువెనుకలకు, కుడియెడమలకు, పైకిక్రిందికి జరుగును. ఆ మూడింటిలో ఒక్కొక్క దిక్కును ఇరుసుగా చేసికొని తిరుగును కూడ. ఈ ఆరు కదలికలను ఒక్క పిడిలో నిమిడ్చినదే త్రీడీ మౌస్. పిడి తన చోటు విడిచి పోదు. ఏ వైపునకు త్రోసిన ఆ వైపునకు కొలదిగా ఒరగును, విడిచినంతనే నడిమికి వచ్చి నిలుచును. ఎంత గట్టిగా త్రోసిన బొమ్మ అంత వేగముగా కదలును. లోపల చిన్న దీపములును వాని వెలుగును కొలుచు సాధనములును ఆ ఒరుగుదలను గుర్తించును. దీని మూలము అంతరిక్ష పరిశోధనలో నున్నది. జర్మనీ దేశపు అంతరిక్ష సంస్థలో గెర్డ్ హిర్జింగర్ బృందము యంత్రహస్తమును నడుపుటకు ఇట్టి పిడిని రూపొందించెను. 1993లో కొలంబియా నౌకలో జరిగిన రోటెక్స్ ప్రయోగమున వ్యోమగాములు అట్టి సాధనముతో యంత్రహస్తమును నడిపిరి. ఆకాశమున చేతికి బదులు పని చేసినది నేడు బల్లపైకి దిగివచ్చినది.

ఇందులో శివభక్తులకు పట్టుబడదగిన విశేషమొకటి కలదు. ఈ పిడి సాధారణముగా ఎడమచేతి క్రింద నుండును. ఎడమచేయి వస్తువును పట్టి చూపును. కుడిచేయి మామూలు మౌస్‌తో గీతను గీయును, కొలతను మార్చును. లోకాచారములో ఎడమచేతిని తక్కువ చూచుట మనకు తెలియనిది కాదు. ఇచ్చుటకు పనికిరాదు, పుచ్చుకొనుటకు పనికిరాదు. వీరశైవుడు మాత్రము ఇష్టలింగమును నిలుపుకొనునది వామకరస్థలముననే. కుడిచేయి అభిషేకము చేయును, పత్రి సమర్పించును. ఎడమచేయి పీఠమై భరించును. ఈ పోలికను మరీ దూరము లాగరాదు. లింగపూజలో చేయి కదలరాదు, చూపు చలింపరాదు. ఇచ్చట చేయి కదలినగాని చూపునకు పనిలేదు. అయినను, పట్టి నిలుపు చేయి కూడ పని చేయు చేయియేనన్న సంగతిని వీరశైవునికి వేరొకరు బోధింపవలసిన పనిలేదు. పిడిని పట్టిన వ్రేళ్ళు ఏమియు గీయవు గనుక అవి శ్రమింపలేదనుట సరికాదు.

శ్రమ తగ్గినచో కాయకము తగ్గునా యనునది మిగిలిన సంశయము. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో, జాను తెనుగున చెప్పినది సామాన్యుల నోట సులభముగా నాడుటకే గదా! సౌలభ్యము చేత భక్తి పలుచబడినదని ఎవరును అనలేదు. పనిముట్టు సుఖమిచ్చుట దోషము కాదు. ఒక్క మణికట్టుపై దినమంతయు పడు భారము రెండు చేతులకు పంచబడిన అదియు మేలే. దోషము మరియొక చోట దాగియున్నది.

తెరపై బొమ్మకు బరువు లేదు. పది మంది కలసి ఎత్తవలసిన పోత ఇనుప దిమ్మ అచ్చట వ్రేలికొన తాకిడికి పల్టీ కొట్టును. చూపు ఇనుప గోడలగుండ దూరి లోనికి పోవును. గీయువాడు లోపల ఒక మూలన బోల్టును పెట్టును. తెరపై అది చక్కగా అమరును. యంత్రము తయారై కర్మాగారమునకు వచ్చిన పిదప అక్కడ పానా పట్టదు. వెల్డింగు చేయువాడు పొగలో మెడ వంచి, తలక్రిందుగా చేయి దూర్చి అతుకు వేయవలసి వచ్చును. గీతలో ఒక వ్రేలెడు చోటు విడువకపోయిన ఫలము ఒకని వెన్నుపై ఏండ్లకొలది నిలుచును. డ్రాయింగు బోర్డుపై టీ-స్కేలుతో గీసిన దినములలో ముందువైపు, పైవైపు, ప్రక్కవైపు చిత్రములను వేరువేరుగా గీయవలసి యుండెను. వెనుకవైపు ఎట్లుండునో ఊహించుకొనుటే గతి. ఆనాటి పొరపాటుకు ఎంతో కొంత మన్నన యుండెను. నేడు ఎడమచేతిని రవ్వంత త్రిప్పిన చాలును, వెనుకవైపు కన్నులయెదుట నిలుచును. తిప్పి చూచుట ఇంత సులభమైన పిదప చూడకపోవుట అజ్ఞానముగా చెల్లదు, అపచారమగును. తాతగారి ప్రశ్నకు బదులు ఇచ్చటనే దొరకును. బిగించువాని నిలుకడనుండి, అతని చేయి దూరు దారినుండి తన బొమ్మను చూచిన యువకుని పని కాయకమే. అందముగా కనబడు వైపును మాత్రమే యజమానికి చూపి ముగించినవాడు ఎన్ని గంటలు కూర్చున్నను అది కూలి మాత్రమే.

ఆయ్దక్కి మారయ్య బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలేరి తెచ్చి దాసోహము జరిపెడివాడు. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తేగా, భార్య లక్కమ్మ ఆ మిగులును అంగీకరింపక, తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెనని శరణుల చరిత్ర చెప్పును. పనిముట్టు మిగిల్చిన సమయము కూడ అట్టి గింజలే. సాధనము చేత దినమునకు ఒక గంట మిగిలెననుకొందము. దానిని మరియొక బొమ్మ గీయుటకే వెచ్చించి జీతము పెంచుకొనవచ్చును; నేటి కార్యాలయములు కోరునదియు ప్రాయికముగా అదియే. లక్కమ్మ మాత్రము ఆ గంటను తెచ్చిన చోటనే పోయుమనును. ఆ చోటు ఏది? ఆ బొమ్మను ఇనుములో నిలబెట్టవలసినవాని చోటు. కనీసము అందులో కొంత భాగమైనను లోపలి మూలలను వెదకుటకు, కర్మాగారములో పనిచేయువానిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపుటకు పోవలెను.

ఇక వెల మాట. శిక్షణాకేంద్రములో చేరిన విద్యార్థికి త్రీడీ మౌస్ కొనుట సులభము కాదు, కొని తీరవలసినదియు కాదు. దాని కొరకు తల్లిదండ్రులను అప్పు చేయుమనుట ఆశయే గాని అవసరము కాదు. దినమంతయు పెద్ద నమూనాలతో పని చేయువానికి ఉద్యోగమిచ్చిన సంస్థయే సమకూర్చవలసిన పనిముట్టది. సాధారణ మౌస్‌తోను సాలిడ్‌వర్క్స్‌లో నమూనాను తిప్పవచ్చును. నడిమి చక్రమును నొక్కిపట్టి జరిపిన బొమ్మ తిరుగును. కొంత నెమ్మదిగా తిరుగును, కుడిచేయి రెండు పనులును తానే చేయవలసి యుండును. అయినను బోల్టు వెనుక పానా తిరుగుటకు చోటున్నదో లేదో చూచుటకు అది చాలును.