పాత ఇల్లు: కొనేవారి బాధ్యత, అమ్మేవారి అమానత్

సొంత ఇల్లు అల్లాహ్ ప్రసాదించే గొప్ప అనుగ్రహాల్లో ఒకటి. ఇళ్ళను మనకు ప్రశాంతి నిలయాలుగా చేసినవాడు తానేనని ఆయన నహ్ల్ సూరాలో గుర్తుచేశాడు. విశాలమైన ఇల్లు మనిషి సౌభాగ్యాల్లో ఒకటని దైవప్రవక్త ముహమ్మద్ (స) సెలవిచ్చారు. అందుకే మనవాళ్ళు ఇల్లు కొనడానికి ఎంత కష్టానికైనా ఓర్చుకుంటారు. గల్ఫ్‌లో పదేళ్ళు, పదిహేనేళ్ళు చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ము, ఇల్లాలి మెడలోని బంగారం, ఊళ్ళో తాతల నాటి జాగా అమ్మితే వచ్చిన డబ్బు, అన్నీ కలిపితే ఒక ఇల్లవుతుంది.

కొత్త ఇల్లు కొనే స్తోమత అందరికీ ఉండదు. మస్జిదుకు దగ్గరగా, బంధువుల మధ్య ఉండాలనే కోరికతో చాలామంది పాత బస్తీల్లో ముప్పై, నలభై, అరవై ఏళ్ళ నాటి ఇళ్ళు కొంటుంటారు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఒక్క విషయం ఆలోచించండి. ఇంటి పత్రాలను మనం వకీలుకు చూపిస్తాం. లింకు డాక్యుమెంట్లు, ఇ.సి. అన్నీ తీయిస్తాం. కాని ఆ ఇంటి పునాదిని, స్తంభాలను, స్లాబును మాత్రం ఎవరికీ చూపించం. కొత్తగా వేసిన రంగు చూసి మురిసిపోయి బయానా ఇచ్చేస్తాం. పత్రంలో లోపముంటే డబ్బు పోతుంది. స్లాబులో లోపముంటే ప్రాణం పోతుంది. మరి రెంటిలో దేనిని వదిలేయవచ్చు?

పునాది ఉపమానం

మదీనాలో కపట విశ్వాసులు దురుద్దేశంతో ఒక మస్జిదు కట్టినప్పుడు, వారి గురించి చెబుతూ అల్లాహ్ తౌబా సూరాలో ఒక ఉపమానం ఇచ్చాడు. దైవభీతి మీద పునాది వేసినవాడొకడు. వరద కోసేసిన లోయ అంచున, ఏ క్షణాన్నయినా జారిపోయే మట్టి మీద పునాది వేసినవాడు మరొకడు. రెండవవాడి కట్టడం అతనితో సహా నరకాగ్నిలోకి కూలిపోతుంది. ఆయతు చెబుతున్నది ఈమాన్ గురించే. కాని దానికి అల్లాహ్ ఎన్నుకున్న పోలికను గమనించండి. పునాది కింది మట్టి చెడితే పైనున్న కట్టడం ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదన్న సంగతి ఎడారివాసికి కూడా తెలిసినదే.

మనకూ తెలిసినదే. 2017 ఆగస్టు 31న ముంబయి భేండీబజార్‌లో వందేళ్ళు దాటిన హుసైనీ భవనం కూలిపోయి 30 మందికి పైగా చనిపోయారు. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచెత్తిన వానకు బండ్లగూడ ప్రాంతంలో గోడ కూలి పక్క ఇళ్ళ మీద పడింది. నిద్రపోవలసిన వేళ పలువురు ప్రాణాలు కోల్పోయారు. అల్లాహ్ వారిని మన్నించుగాక! ఇటువంటి వార్త విన్న ప్రతిసారీ ఇన్నాలిల్లాహ్ చదువుతాం. చదవవలసిందే. కాని మన తలల మీద ఉన్న స్లాబు ఎలా ఉందో ఒక్కసారి తలెత్తి చూసుకోవడం కూడా ఆ వార్త నేర్పే పాఠమే.

తవక్కుల్ అంటే కళ్ళు మూసుకోవడం కాదు

ఈ మాట చెబితే కొందరు సోదరులు, “చావు రాసి ఉంటే రాతి కోటలో ఉన్నా వస్తుంది, ఇంజినీరు ఏం ఆపుతాడు?” అంటారు. చావు గడువు అల్లాహ్ చేతిలో ఉందన్నది నిజమే. కాని ఒంటెను వదిలేసి తవక్కుల్ చేయాలా, కట్టేసి చేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టు, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వెయ్యి అని దైవప్రవక్త (స) బోధించారు. సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అవును, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే పోతున్నామని జవాబిచ్చారు.

ఇంటి విషయంలోనే స్పష్టమైన ఒక హదీసు ఉంది. పిట్టగోడ లేని డాబా మీద పడుకునే మనిషిపై రక్షణ బాధ్యత తొలగిపోతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. డాబాకు పిట్టగోడ ఉందో లేదో కూడా చూసుకోమన్న ధర్మం మనది. అటువంటి ధర్మం డాబాను మోస్తున్న స్తంభాన్ని చూడవద్దంటుందా? చేజేతులా మిమ్మల్ని మీరు నాశనంలో పడవేసుకోకండని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఆ ఇంట్లో పడుకునేది మనం ఒక్కరమే కాదు. భార్యాబిడ్డలు, వృద్ధులైన తల్లిదండ్రులు కూడా అక్కడే ఉంటారు. వారందరి గురించీ రేపు ఇంటి యజమానిని ప్రశ్నించడం జరుగుతుంది.

తెలిసినవారికి చూపించండి

మీకు తెలియకపోతే తెలిసినవారిని అడగండని ఖుర్‌ఆన్ ఆదేశిస్తోంది. ఇంటి విషయంలో తెలిసినవాడు స్ట్రక్చరల్ ఇంజినీరు. అతన్ని మనమే ఎంచుకోవాలి. అమ్మేవారి మనిషీ బ్రోకరు మనిషీ కాకూడదు. బేరం కుదిరితేనే ఫీజు అనే షరతు పెట్టకూడదు. సలహా అడగబడినవాడు అమానత్‌దారు అని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. బేరం కుదరడంలో లాభమున్న మనిషి నోట ఆ అమానత్ నిలవడం కష్టం. ఇంకో మాట. ఇంటి విలువ కట్టడం వేరు, ఇంటి ఆరోగ్యం చూడటం వేరు. ధర ఎంతో చెప్పే కాగితం పునాది గురించి ఏమీ చెప్పదు.

ఇంజినీరు ఏమేమి చూస్తాడో స్థూలంగా తెలుసుకుంటే మనకూ అడగడం వస్తుంది.

అన్ని పగుళ్ళూ ఒకటి కావు. ప్లాస్టరింగులో వెంట్రుకవాసి పగుళ్ళు మామూలే. కిటికీల, తలుపుల మూలల నుంచి ఏటవాలుగా, మెట్లుమెట్లుగా పాకే పగుళ్ళు పునాది ఒకవైపు కుంగిందనడానికి గుర్తు కావచ్చు. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోతుంది కాబట్టి అక్కడ ఇది ఎక్కువ. పగులు మీద చిన్న గాజుముక్క అతికించి కొన్ని వారాలు ఉంచుతారు. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం.

స్లాబులోని ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. చాలామంది ఊడిన చోట సిమెంటు మెత్తి రంగు వేస్తారు. ఇంజినీరు సుత్తితో తట్టి చూస్తే అక్కడ డొల్ల శబ్దం వస్తుంది. కాంక్రీటు గట్టిదనాన్ని రీబౌండ్ హ్యామర్‌తో, లోపలి పగుళ్ళను అల్ట్రాసానిక్ పరికరంతో అంచనా కడతారు. అప్పుడే చెక్కిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు రావాలి. రంగు రాకపోతే అంతవరకు కాంక్రీటులో ఇనుమును తుప్పు నుంచి కాపాడే గుణం పోయిందన్నమాట.

పాత రాతి గోడల ఇళ్ళలో డంగుసున్నం వాడారు. ఆ గోడల్లోని తడి బయటికి పోతూ ఉండాలి. వాటి మీద సిమెంటు ప్లాస్టరింగు చేస్తే తడి లోపలే చిక్కుకుని గోడను తినేస్తుంది. దూలం కొస గోడలోకి దూరే చోట కర్ర కుళ్ళినా, ఇనుము తుప్పు పట్టినా పైకి కనిపించదు. చెదలు కూడా అక్కడే చేరతాయి. స్నానాల గది వెనుక, డ్రైనేజీ వెంబడి పునాది మట్టి మెత్తబడిందేమో చూడాలి.

అన్నింటికంటే ముఖ్యం, తరువాత ఏమి కలిపారు, ఏమి తీసేశారు అన్నది. ఒక అంతస్తు కోసం వేసిన పునాది మీద మూడంతస్తులు లేపినవారున్నారు. కింద దుకాణం పెట్టడానికి బరువు మోసే గోడనే తీసేసినవారున్నారు. డాబా మీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు పెడితే టన్ను బరువు పెట్టినట్టే. వీటన్నింటినీ ఫోటోలతో సహా రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఏది వెంటనే బాగుచేయాలి, ఏది ఆగవచ్చు, ఏది పైపై లోపం అన్నది ఆ నివేదికలో విడివిడిగా ఉండాలి. దానికయ్యే ఖర్చు ఇంటి ధరలో చాలా చిన్న భాగం.

తడిసిన ధాన్యం

ఇక అమ్మేవారి సంగతి. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులో చెయ్యి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. ప్రజలకు కనబడేలా దానిని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసగించేవాడు తనవాడు కాదని ప్రకటించారు.

సోదరులారా! ధాన్యాన్ని తడిపింది ఆ వర్తకుడు కాదు, వాన. వాన కురిపించింది అల్లాహ్. తడిసినందుకు అతనిపై నింద లేదు. తడిని అడుగున పెట్టి పొడిని పైన పరిచినందుకే ఆ హెచ్చరిక. ఇల్లు పాతబడటం కూడా అంతే. గోడ నెమ్ముకోవడం, స్లాబు కారడం ఎవరి పాపమూ కాదు. కాని అమ్మకానికి పెట్టేముందు ఆ నెమ్ము మీద పుట్టీ పూసి, పగులు ముందు బీరువా నిలబెట్టి, కారే చోట కొత్త సీలింగు బిగిస్తే, మనం కూడా తడిని అడుగున పెట్టినట్టే. రంగు వేయడం తప్పు కాదు. దాచడానికి రంగు వేయడం తప్పు. కొనేవారు, అమ్మేవారు నిజం చెప్పి లోపాలు బయటపెడితే ఆ బేరంలో శుభం కలుగుతుందని, దాచి అబద్ధమాడితే బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని హదీసు.

ఈ బాధ్యత అమ్మేవారితోనే ఆగదు. ఒక వ్యక్తి ఒంటెను కొని తీసుకుపోతుంటే హజ్రత్ వాసిలా (రజి) వెంటపడి, ప్రయాణానికా, మాంసానికా అని అడిగారు. హజ్ ప్రయాణానికని తెలియగానే దాని గిట్టలో లోపముందని చెప్పేశారు. నా బేరం చెడగొడతారా అని అమ్మినవాడు నొచ్చుకున్నాడు. లోపం చెప్పకుండా అమ్మడం ఎవరికీ ధర్మసమ్మతం కాదని, తెలిసినవాడు చెప్పకుండా ఉండటమూ ధర్మసమ్మతం కాదని తాను దైవప్రవక్త (స) నోట విన్నట్లు వాసిలా (రజి) చెప్పారు. పక్కింటివారికి, బ్రోకరుకు, మేస్త్రీకి ఈ హదీసు వర్తించదా?

“ఎలా ఉందో అలాగే” అని రాస్తే సరిపోతుందా?

ఉన్నది ఉన్నట్టే అమ్ముతున్నాం, తరువాత మాకు సంబంధం లేదు అని అగ్రిమెంటులో రాయించి నిశ్చింతగా ఉండేవారున్నారు. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఉన్న ఒక ఉదంతం వారు వినాలి. ఆనాడు బానిసల క్రయవిక్రయం ఉండేది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) లోపాలకు తన పూచీ లేదన్న షరతుతో ఒక బానిసను 800 దిర్హములకు అమ్మారు. లోపముందని కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. తెలిసిన లోపమేదీ దాచలేదని ప్రమాణం చేయమని ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) తీర్పిచ్చారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణం చేయడానికి ఇష్టపడక బానిసను వెనక్కి తీసుకున్నారు. తరువాత అతను కోలుకోగా 1500 దిర్హములకు అమ్ముడయ్యాడు. ఇటువంటి షరతుపై ఇమాముల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. కాని తెలిసిన లోపాన్ని దాచి షరతు చాటున నిలబడటం విశ్వాసికి తగదు. దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవాడు వెల్లడించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను విధిస్తోంది.

వ్యాపారంలో తరచుగా మోసపోయే ఒక సహాబీకి, మోసం ఉండకూడదని ముందే చెప్పుకోమని, మూడు రోజుల వ్యవధి పెట్టుకోమని దైవప్రవక్త (స) నేర్పారు. కాబట్టి బయానాకు ముందే ఇల్లు చూపించుకోండి. అది కుదరకపోతే, ఇంజినీరు పరిశీలనలో పెద్ద లోపం తేలితే బయానా తిరిగివ్వాలని, దానికి ఇన్ని రోజుల గడువని అగ్రిమెంటులో రాయించుకోండి. అడగడానికి మొహమాటపడకండి. అప్పు విషయంలోనే రాతను, సాక్షులను ఆదేశించిన అల్లాహ్, ఆ ఆదేశం ద్వారా మనుషులను అవమానించలేదు, తగాదా నుంచి కాపాడాడు.

కొనేవారూ న్యాయం తప్పకూడదు

నివేదిక చేతికి రాగానే చిన్న లోపాన్ని కొండంత చేసి ధర విరగ్గొట్టడం కూడా అన్యాయమే. ప్రజలకు వారి వస్తువులను తగ్గించి ఇవ్వకండని షుఐబ్ (అలై) తన జాతికి బోధించారు. అమ్మేది ఒక వితంతువో, అనాథల సంరక్షకుడో అయితే మరింత భయపడాలి. పడిపోబోతున్న గోడను చూసి హజ్రత్ ఖిజ్ర్ (అలై) కూలి అడగకుండా నిలబెట్టారు. దాని కింద ఉన్నది ఇద్దరు అనాథ బాలుర నిధి. మరమ్మతుకు నిజంగా అయ్యేంత ధర తగ్గించమని అడగండి. కొనకపోతే ఆ ఇంటిని ఊరంతా అల్లరి చేయకండి. మరో కొనుగోలుదారు వచ్చి అడిగితే మాత్రం ఉన్నమాట చెప్పండి.

కొన్న తరువాత బాధ్యత మీది. రోడ్డు వైపు ఒరిగిన గోడ గురించి యజమానిని హెచ్చరించినా, వీలుండి కూడా అతను దానిని తీయకపోతే, అది కూలి జరిగిన నష్టానికి అతనే పూచీ అని హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలు ప్రత్యేకంగా చర్చించాయి. ఇంజినీరు నివేదిక కూడా ఒక హెచ్చరికే. దానిని బీరువాలో పెట్టి తాళం వేస్తే లోపం మాయం కాదు. రేపు ఆ ఇల్లు మీరు అమ్మవలసి వస్తే అదే నివేదికను కొనేవారి చేతిలో పెట్టండి. మీరు మోసపోయి ఉన్నా సరే, ఆ మోసాన్ని మరో కుటుంబానికి అప్పగించకండి. అది మీ దగ్గరే ఆగిపోనివ్వండి.

ఓ అల్లాహ్! మా ఇళ్ళను ప్రశాంతి నిలయాలుగా ఉంచు. మా సంపాదనను హలాల్ చెయ్యి. మా క్రయవిక్రయాల్లో నిజాయితీని, బర్కత్‌ను ప్రసాదించు. మా ఇళ్ళ పునాదులను, మా ఈమాన్ పునాదులను పటిష్ఠం చెయ్యి. ఆమీన్!