అంకె చెప్పాలా, ఆనవాలు చెప్పాలా?

"మీ ఇల్లెక్కడండీ?" అని అడిగితే మనం ఇచ్చే జవాబులో మన మనసు కూడా కాస్త బయటపడుతుందంటే నమ్ముతారా?

మెట్టుగూడ వాళ్ళనే తీసుకోండి. వెనకటి రోజుల్లో సికింద్రాబాదు స్టేషనులో దిగే చుట్టాలకు చిరునామా చెప్పడమంటే ఓ చిన్న కథ చెప్పడమే. "ఆలుగడ్డ బావి దాటండి, తార్నాక వెళ్ళే రోడ్డు పట్టుకోండి, రైల్వే క్వార్టర్లు వస్తాయి, అక్కడ ఎవర్నడిగినా చెబుతారు" అనేవారు. ఎవర్నడిగినా చెబుతారట! ఆ ధీమా చూశారా? ఇప్పుడా శ్రమ లేదు. ఫోనులో ఓ గుర్తు పంపిస్తే చాలు, ఆటో సరాసరి గుమ్మం ముందు ఆగుతుంది.

ఆ గుర్తు వెనకాల ఉన్నవి రెండే రెండు అంకెలు. భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉన్నామో ఒకటి, గ్రీన్విచ్‌కు ఎంత తూర్పున ఉన్నామో మరొకటి. మెట్టుగూడకైతే సుమారు 17.4, 78.5. చుక్క తర్వాత ఒక్క అంకే ఉంటే పదకొండు కిలోమీటర్ల మేర అందులో పడుతుంది. మూడంకెలు వేస్తే వంద మీటర్లు, అంటే మన వీధి. అయిదు వేస్తే ఒక్క మీటరు. అంటే మన గడపలో ముగ్గన్నమాట!

ఈ అంకెలతో ఆటలాడుకునేవాళ్ళు కూడా ఉన్నారు లోకంలో. వాళ్ళ తగువు వింటే మన ఇంటి తగువులాగే ఉంటుంది.

ఇంగ్లండులో డెవన్ జిల్లాలో డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతం ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే ఆయన, యాత్రికులకు దారి చూపించడం ఆయన వృత్తి, క్రాన్మియర్ పూల్ అనే మారుమూల చోట ఓ సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్ళు తమ పేరున్న కార్డు అందులో వేసి పోయేవారు. తర్వాత తర్వాత తమ చిరునామాకే రాసుకున్న ఉత్తరం అక్కడ పెట్టి రావడం, ఆ తర్వాత వచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషి దాన్ని తీసుకెళ్ళి పోస్టు చెయ్యడం ఆనవాయితీ అయింది. అందుకే ఆ ఆటకు లెటర్‌బాక్సింగ్ అని పేరు. ఇప్పుడు పెట్టెలో ఓ రబ్బరు ముద్ర, ఓ పుస్తకం ఉంటాయి. వెతికి పట్టుకున్నవాళ్ళు తమ ముద్ర ఆ పుస్తకంలో వేసి, పెట్టెలోని ముద్ర తమ పుస్తకంలో వేసుకుని, ఎక్కడిదక్కడ సర్ది వస్తారు. పెట్టె ఎక్కడుందో తెలియాలంటే దాచినవారు రాసిన ఆనవాళ్ళే ఆధారం. మన పొడుపుకథ లాంటివే అనుకోండి.

రెండో ఆట చాలా చిన్నది, వయసులో. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల నుంచి అందే జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలనే తేడా కలిపేది. మామూలు జనానికి లెక్క వంద మీటర్ల దాకా అటూఇటూ అయ్యేది. 2000 మే 2న ఆ తేడా తీసేశారు. మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఓ బకెట్టు దాచి, అది ఉన్న చోటు అంకెలు లోకానికి చాటాడు. అందులో పుస్తకాలు, ఓ ఉండేలు, ఓ చిక్కుళ్ళ డబ్బా కూడా ఉన్నాయట! కొద్దిరోజుల్లోనే ఎవరో కనిపెట్టేశారు. అదీ జియోకాషింగ్ పుట్టుక.

ఇహ తగువేమిటంటారా? "అంకెలు చెప్పేశాక ఇంకా వెతకడమేమిటి? పొడుపుకథ పక్కనే విప్పు రాసి ఇచ్చినట్టుంది" అని ముద్రల వాళ్ళలో కొందరి సణుగుడు. "అంకె చోటు దాకా తెస్తుంది గానీ, ఏ రాయి కిందో, ఏ తొర్రలోనో చెప్పదు కదా" అని అంకెల వాళ్ళ జవాబు. ఆ మాటకొస్తే డార్ట్‌మూర్ వాళ్ళూ అంకెలు వాడతారు. దిక్సూచి పట్టుకుని ఫలానా శిఖరం ఇన్ని డిగ్రీలని లెక్క చూసుకుంటారు. కాకపోతే ఆ లెక్క చూడాలంటే తలెత్తి శిఖరం కేసి చూడక తప్పదు. ఫోను చూస్తూ నడిచేవాళ్ళకు ఆ నిర్బంధం లేదు. చివరికి రెంటికీ వియ్యం కలిపి, ముద్ర ఉండే జియోకాష్ అని ఓ రకం పెట్టారు. అందులో కొంత దారి అంకెలతో, కొంత దారి ఆనవాళ్ళతో వెళ్ళవచ్చు. ముద్రను మాత్రం ఎవరూ పట్టుకుపోకూడదు.

ఆట సంగతి అలా ఉంచండి. మనకు తేలవలసిన ప్రశ్న ఏమిటంటే, ఎదటివాళ్ళకు ఏది ఇవ్వడం ధర్మం? అంకా, ఆనవాలా?

ఆనవాలే గొప్పదని తీర్పు చెప్పేద్దామని నోటిదాకా వస్తుంది. తొందరపడకండి. అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు గుండె నొప్పి వచ్చిందనుకోండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 బండి వాళ్ళకు "వేపచెట్టు పక్కసందు" అని కథ చెప్పడం అన్యాయం కాదూ? అక్కడ అంకే ప్రాణం. అంతెందుకు, ఆడపిల్ల ఒంటరిగా కొత్త పేటలో దారి అడిగితే చెప్పేవాళ్ళు దారి చెప్పి ఊరుకుంటారా? "ఎవరమ్మాయివి? ఎవరింటికి? ఒక్కదానివే వచ్చావా?" అని ఆరా తీస్తారు. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా మెట్టుగూడ మెట్రోలో దిగి తనంతట తాను నడిచిపోయే ధైర్యం ఆ రెండంకెలూ ఇచ్చాయి. "ఎవర్నడిగినా చెబుతారు" అన్న వెనకటి ధీమా మగవాళ్ళకు అచ్చివచ్చినంతగా మనకు అచ్చిరాలేదు సుమండీ!

మన తపాలా శాఖ కూడా ఈ దారే పట్టింది. 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడు ఇచ్చింది. 2025 మే 27న డిజిపిన్ తెచ్చింది. హైదరాబాదు ఐఐటీ, ఇక్కడి రిమోట్ సెన్సింగ్ కేంద్రం అందులో పాలుపంచుకున్నాయి. దేశాన్నంతా ఇటు నాలుగు, అటు నాలుగు మీటర్ల గళ్ళుగా కోసి, గడికో పదక్షరాల గుర్తు పెట్టారు. నంబరు లేని గుడిసెకూ ఓ చిరునామా దక్కుతుందంటే కాదనడానికి మనమెవరం?

అయితే అంకె చెప్పలేనిది ఒకటుంది. చోటు ఎక్కడో చెబుతుంది గానీ, ఆ చోటు మనకు ఏమవుతుందో చెప్పదు. ఆనవాలు రాసేవాళ్ళు ముందు తాము చూసి ఉండాలి. ఫలానా గోడ మీది నీడ నా మనవరాలు చూడాలి, ఫలానా మలుపులో ఓ నిమిషం ఆగాలి అని తలచుకుంటేనే ఆ వాక్యం వస్తుంది. అంటే ఆనవాలులో ఇద్దరు మనుషులున్నారు, రాసినవారు, వెతికేవారు. అంకెలో ఎవరూ లేరు.

అంచేత నా మటుకు నాకు తోచేది ఇదీ. అవసరంలో ఉన్నవారికి అంకె ఇవ్వకుండా ఊరించడం క్రూరత్వం. ఆప్తులకు ఒట్టి అంకె పారేసి ఊరుకోవడం పిసినారితనం. ఎవరికి ఏది ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

ఇది చదివి పిల్లలు ఉత్సాహపడి మెట్రో స్తంభం పక్కనో, రైలు పట్టాల దగ్గరో డబ్బా దాచేరు! 2007లో, 2013లో బాంబులు పేలిన ఊరు మనది. దిక్కులేని డబ్బా కనిపిస్తే జనం గుండెలు జారిపోతాయి. దాచిన చోటు యజమాని ఒప్పుకోవాలన్నది ఆ ఆటలోనూ నియమమే. మన ఇంట్లోనో, అపార్టుమెంటులో అందరితో చెప్పి మేడమీద పూలకుండీల మధ్యనో దాచుకుంటే ఏ భయమూ లేదు.

ఈ వేసవి సెలవుల్లో పిల్లలొస్తే, వాళ్ళు క్షేమంగా చేరడానికి అంకె పంపించండి. చేరాక మాత్రం చేతికి ఓ చీటీ ఇవ్వండి. మెట్టుగూడ వాళ్ళైతే మొదటి మాట నేనే అందిస్తాను: "ఎక్కితే రైలు, దిగితే రోడ్డు, పేరులోనే మెట్టుంది." తర్వాతి ఆనవాళ్ళు మీరే రాసుకోవాలి. మీ వీధిలో పిల్లలు ఆగి చూడవలసినదేమిటో ఏ ఉపగ్రహానికి తెలుస్తుంది చెప్పండి?