ఫొటోలో ఉన్న మూడో మనిషి

2004 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర నా కెమెరా మొరాయించింది. సెకండ్ హ్యాండ్‌ది. నా జీతంలోంచి, ఇంట్లో ఎవరికీ లెక్క చెప్పకుండా కొనుక్కున్న మొదటి వస్తువు. రీలు వెనక్కి తిప్పుతుంటే మధ్యలో పట్టేసింది. మూత తీస్తే అందులో ఉన్న ముప్పయ్యారు బొమ్మలూ వెలుతురు తగిలి పోతాయి. ఏం చెయ్యాలో తోచక ఒక అరుగు మీద కూర్చుండిపోయాను.

"క్యా హువా?" అంటూ ఒకావిడ పక్కన కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి. మెళ్ళో కెమెరా. పూణే నుంచి వచ్చానంది. చేతులు దూర్చే నల్లబట్ట సంచి ఒకటి తీసి, నా కెమెరాని అందులో పెట్టి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడుముకుంటూ రీలంతా చుట్టి డబ్బాలో వేసి ఇచ్చింది. పైగా తన దగ్గరున్న కొత్త రీళ్ళు రెండు నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే కోప్పడింది. నాది ఏ ఊరో, ఏ కులమో, మా ఆయన ఏం చేస్తాడో అడగలేదు. ఏ లెన్సు వాడుతున్నావని మాత్రం అడిగింది. కొత్త మనిషి నన్ను అలా పలకరించడం అదే మొదటిసారి.

ఇద్దరం కలిసి లాడ్ బజారులోకి నడిచాం. ఒక గుమ్మంలో ముసలావిడ లక్క గాజులకి రాళ్ళు అద్దుతోంది. ఏటవాలు ఎండ ఆమె చేతుల మీద పడుతోంది. నేను కెమెరా ఎత్తగానే తల అడ్డంగా ఊపి, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఒక్కటే ఖాలా, ఒక్కటే" అని నవ్వుతూ నొక్కేశాను. "వెలుతురు బాగుంది" అంది నా పక్కనున్నావిడ. పెద్ద కితాబే అనిపించింది నాకు.

నెల తర్వాత పూణే నుంచి ఒక కవరొచ్చింది. అందులో ఒక ప్రింటు. నేను నొక్కుతున్న క్షణంలోనే ఆవిడ నన్ను తీసిందన్నమాట. ఒకవైపు నా కెమెరా, ఎదురుగా అడ్డం పెట్టిన ఆ చెయ్యి. వెనకాల ప్రేమగా నాలుగు మాటలు, మళ్ళీ ఆ వెలుతురు గురించే.

బస్సుల్లో, ఆఫీసుల్లో అడక్కుండా మన ఒంటి మీద వాలే చూపుల గురించి మనం ఎంత రాసుకున్నాం! ఆ చూపు ఈసారి నా కంట్లో ఉంది. ఫొటో పంపిన మనిషికి అది కనిపించలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాలాగే వెలుతురుని చూసింది, అంతే.

నేను తీసిన ఫొటో పట్టుకుని మళ్ళీ లాడ్ బజారుకి వెళ్ళాను. ముసలావిడ చాలాసేపు చూసి, ఎన్ని పైసలివ్వాలని అడిగింది. ఉత్తినే అన్నాను. నమ్మలేదు. ఉత్తినే అయితే వద్దని తిరిగిచ్చేసి గాజుల మీదికి వంగింది. రెండు రీళ్ళు నేను ఉత్తినే తీసుకోగలిగాను, ఆమె ఒక్క కాగితం తీసుకోలేకపోయింది. ఎందుకు? మా ఇద్దరి మధ్య ఉన్న నమ్మకంలో ఆమెకి చోటు లేదు కాబట్టి.

ఒకే ఇష్టం ఉన్నవాళ్ళు ఒకరికొకరు చూపించుకునేది దయేనా, లేక అదీ ఒక రకం చుట్టరికమేనా? దాన్ని తీసిపారెయ్యలేను. ఆడవాళ్ళ చేతికి యంత్రం ఇవ్వడానికి వెనకాడే ఇళ్ళలోంచి వచ్చిన నాకు ఆ చుట్టరికం ఎంతో ధైర్యమిచ్చింది. కానీ ప్రతి చుట్టరికానికీ ఒక గడప ఉంటుంది, గడప బయట ఒకరుంటారు. ఫొటోగ్రఫీలో ఆ బయటి మనిషి ఎక్కడో ఉండదు, మన కెమెరాకి ఎదురుగానే ఉంటుంది.

తర్వాతెప్పుడో వివియన్ మేయర్ గురించి చదివినప్పుడు ఇదే గుర్తొచ్చింది. షికాగోలో పిల్లల్ని పెంచే ఆయాగా దశాబ్దాలు పనిచేస్తూ లక్షకి పైగా ఫొటోలు తీసిన మనిషి. వాటిలో దాదాపు ఏవీ లోకానికి చూపించలేదు. గోదాము అద్దె కట్టలేకపోతే 2007లో ఆమె సామాను వేలం వేశారు. కొన్నవాళ్ళలో ఒకరు జాన్ మలూఫ్. ఆమెని ఎన్నడూ చూడని ఆ యువకుడు ఎంతో శ్రమపడి ఆ నెగటివ్‌లని వెలుగులోకి తెచ్చాడు. అతని వల్లే మనకి ఆ గొప్ప ఫొటోలు దక్కాయి. కానీ చూపించనా అని అడగడానికి ఆమె లేదు, 2009లో చనిపోయింది. ముసలితనంలో ఆమెకి ఉండడానికి ఇల్లు చూసిపెట్టింది మాత్రం, చిన్నప్పుడు ఆమె చేతుల్లో పెరిగిన పిల్లలు. ఆమె ఫొటోల పట్ల చూపిన దయ వేరు, ఆమె పట్ల చూపిన దయ వేరు. రెండూ కావాలి. ఒకటుంటే రెండోది ఉన్నట్టే అనుకోవడం దగ్గరే నాకు పేచీ.

ఇప్పుడు అడిగాకే తీస్తున్నాను. అడిగేలోపు వెలుతురు పోతుంది, పోనీ. కొందరు వద్దంటారు, కొందరు కాసేపు కూర్చోబెట్టి కబుర్లు చెప్తారు. పూణే ఆవిడకి ఈ సంగతులన్నీ ఉత్తరం రాద్దామనుకుని ఎన్నోసార్లు ఆగిపోయాను. అంత మంచి మనిషిని నొప్పించడమెందుకనుకున్నాను. అలా మాట దాచడం దయ కిందికి వస్తుందా అని ఈమధ్య అనుమానం మొదలైంది.

ఆవిడ పంపిన ప్రింటు ఇప్పటికీ నా రాతబల్ల మీదే ఉంది. ఈ వ్యాసం అయ్యాక ఆ ఉత్తరం రాయాలి.