పెండ్లి పూలలో పొదుపు – ఎవరి వంతు నుండి?

పెండ్లి నిశ్చయమైన ఇంటిలో మొదట లెక్క వేసేవి కల్యాణమండపము, భోజనములు, బట్టలు. పూల లెక్క చివర వస్తుంది. అప్పటికి చేతిలోని సొమ్ము చాలావరకు అయిపోయి యుంటుంది గనుక తగ్గింపు అంతా పూల మీదనే పడుతుంది. "పూలే కదా, సాయంత్రానికి వాడిపోయేవి" అని ఇంటివారు సమాధానపడతారు. సంఘ పెద్దలముగా పెండ్లి పనులలో చేయి వేసే మేము ఈ మాట చాలా ఇండ్లలో విన్నాము. తగ్గించుకొనుట తప్పు కాదు. మన సంఘములలో చాలామంది నెలజీతముల వారు, కూలిపనుల వారు, చిన్న వ్యాపారస్థులు. ఉన్నంతలో చేసుకొనుటలో అవమానము లేదు. అయితే పూల ఖర్చు తగ్గినప్పుడు ఆ తగ్గినది ఎవరి వంతు నుండి తగ్గింది? పాఠకుల యెదుట మేము పెట్టదలచిన ప్రశ్న ఇదే.

అసలు పూలెందుకు అని అడిగేవారు మనలో ఉన్నారు. తలలో పూలు పెట్టుకొనని కుటుంబములు తరతరములుగా మన మధ్య ఉన్నవి. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయమును బట్టి వారు అలా నడుచుకొంటున్నారు. వారి మనస్సాక్షిని మేము గౌరవిస్తాము. కాని "పూలకు పెట్టే డబ్బు వృథా" అనుట వేరు. బేతనియలో అత్తరు పోసిన స్త్రీని గూర్చి భోజనపు బల్ల దగ్గర కొందరు ఇదే మాట అన్నారు. ప్రభువు వారిని ఆపెను. పూల డబ్బు ఎక్కడికి పోతుందో 2020లో అందరమూ చూచాము. ఆ సంవత్సరము మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలయ్యేసరికి వేసవి పెండ్లిళ్ళు ఆగిపోయినవి, మార్కెట్లు మూతపడినవి. కొనేవారు లేక రైతులు కోసిన పూలను పారబోశారు, కొందరు పూచిన తోటలనే దున్నివేశారు. మనకు ఒక పూట అలంకారమైనది వారి ఇంటిలో బియ్యము.

ఇక తగ్గించుకొనే మార్గములు. వీటిలో మొదటిది ఎవరికిని నష్టము లేనిది. ఏ పూవు, ఏ కాలములో, ఎంత అని ముందుగా ఆలోచించుకొనుటే అది. మల్లె ఎండాకాలపు పూవు. మార్చి నుండి జూన్ వరకు విరివిగా వస్తుంది. చలికాలములో మొగ్గ సరిగా పట్టదు. సంక్రాంతి ముందర మదురైలో కిలో మల్లె వేల రూపాయలు పలికిందనే వార్త ఇంచుమించు ప్రతి సంవత్సరము పత్రికలలో చదువుతూనే ఉంటాము. అయినను డిసెంబరు పెండ్లికి మల్లెపూల జడే కావాలని పట్టుబట్టే ఇండ్లు ఉన్నవి. ఆ కాలమునకు కాగడాలు ఉన్నవి గదా! వాసన తక్కువే గాని తెలుపు తెలుపే. చేమంతి చలికాలములో బాగుగా దొరుకుతుంది. దండలకు, వేదికకు మాకు అన్నిటికంటె నచ్చినది నేలసంపెంగ. మనము లిల్లీ అనేది దీనినే. కన్నడము వారు సుగంధరాజ అంటారు, తమిళులు సంపంగి అంటారు, మరాఠీ వారు నిశిగంధ, ఒడియా వారు రజనీగంధ అంటారు. మనవారు ఏ రాష్ట్రములో ఉన్నా దొరుకుతుంది, నిలుస్తుంది, వాసన యున్నది. బంతి అన్నిటికంటె చవుక, చూపునకు నిండుగా ఉంటుంది. కాని "అది ఆయుధపూజ పూవండీ, మన చర్చిలోనా?" అంటారు. పూవునకు మతము ఎవరు అంటగట్టారో మాకు తెలియదు.

తేదీ సంగతి ఇంకా ముఖ్యమైనది. మనకు ముహూర్తములతో పని లేదు. హిందూ సోదరుల పెండ్లిళ్ళు ఎక్కువగా ఉండే రోజున పూల ధర లేస్తుంది. వరలక్ష్మీ వ్రతము, వినాయక చవితి, దసరా ముందు రోజులలోను అంతే. ఫిబ్రవరి రెండవ వారములో హోసూరు గులాబీలకు విదేశముల గిరాకీ వచ్చి పడుతుంది. ఆషాఢములో పెండ్లిళ్ళు లేక మండపములు, డెకరేషన్ వారు ఖాళీగా ఉంటారు. ఆ నెలలో మన పెండ్లి పెట్టుకొంటే మనకు ఖర్చు తగ్గుతుంది, పని లేనివారికి పని దొరుకుతుంది. ఇంత సులువైన దారి యుండగా మనవారు పక్కింటి ముహూర్తము రోజుననే మండపము కొరకు పోటీపడుట మాకు విచిత్రముగా తోస్తుంది. ఇక ఎంత అనేదానికి పెద్ద చర్చ అక్కరలేదు. వేదికకు రెండు ప్రక్కల నిండుగా ఉంటే చాలును. బెంచీ బెంచీకి గుత్తి కట్టనవసరము లేదు. కొబ్బరి మట్టలకు, మామిడాకులకు పెద్ద ఖర్చు లేదు.

రెండవ మార్గము బేరము. ఇక్కడనే మా ప్రశ్న మొదలవుతుంది.

బెంగుళూరు కృష్ణరాజేంద్ర మార్కెట్టులో వెలుగు రాకముందే పూల బుట్టలు దిగుతవి. మల్లెను మొగ్గగా ఉండగానే కోయాలి గనుక కోసేవారు చీకటితోనే తోటలో దిగుతారు. చెన్నైలో కోయంబేడు, ముంబయిలో దాదరు, మన యానాము వారికి దగ్గరగా కడియపులంక, ఎక్కడైనా వ్యాపారము తెల్లవారుజామునదే. విడిపూలు తూకము మీద, కట్టిన పూలు మూర మీద అమ్ముతారు. మూర అంటే మోచేతి నుండి వ్రేలి కొన వరకు. అమ్మే ఆమె చేయి పొట్టిదైతే మూర కూడా పొట్టిదే. కొనేవారందరు ఎరిగిన సంగతే ఇది.

మా సంఘములో ఒక సహోదరుడు, కానుకలిచ్చుటలో వెనుకాడనివాడు, తన కుమార్తె పెండ్లికి మూర అరవై చెప్పిన పూలను ముప్పైయైదుకు తెచ్చిన సంగతి కొంతకాలము క్రిందట మా యెదుట సంతోషముగా చెప్పాడు. "నిన్నటి పూలమ్మా ఇవి, అప్పుడే వాడుతున్నవి" అని చెప్పి రెండుసార్లు వెళ్ళిపోతున్నట్లు నటించాడట. తాజా పూలని ఆయనకు తెలియును. సామెతల గ్రంథము 20వ అధ్యాయము 14వ వచనములోని మనిషి ఈయనే. బజారులో సరుకును తిట్టి, ఇంటికి పోయి తన తెలివిని చెప్పుకొనేవాడు. వినేవారందరు నవ్వారు. ఒక సహోదరి మాత్రము, "ఆ ఇరవైయైదు ఎక్కడ నుండి తగ్గిందన్నా?" అని అడిగింది.

ఆమె అడిగినది లెక్క. లెక్కగానే చూద్దాము. మార్కెట్టులో విడిపూల ధర తెల్లవారేలోపు తేలిపోయింది. పూలమ్మే ఆమె ఆ ధర పెట్టి కొన్నది. బస్సు చార్జీయో ఆటో చార్జీయో పెట్టింది. దారమో అరటినారో కొన్నది. ఇవన్నియు ఆమె చేతి నుండి ముందే పోయినవి, మనము ఎంత బేరమాడినను వెనుకకు రావు. మిగిలినది రెండే. ఒకటి ఆమె లాభము, రెండవది కట్టిన కూలి. ఆమెయే కట్టితే రెండూ ఒకటే. ఇంటి దగ్గర కూర్చొని కట్టే స్త్రీల చేత కట్టించితే, వారికి మూరల లెక్కననో తూకము లెక్కననో కూలి ఇస్తుంది. బేరములో మనము తగ్గించినది తోట ధర కాదు, బస్సు చార్జీ కాదు. ఆ వ్రేళ్ళ కూలి.

"ఆమె మాత్రము ముప్పై ఎక్కువ వేసి చెప్పలేదా?" అని అడుగవచ్చు. చెప్పి యుండవచ్చు. పెండ్లివారని కనిపెట్టితే ధర పెంచేవారు లేకపోలేదు. బేరమే పాపమని మేము అనము. నాలుగు బుట్టల దగ్గర అడిగితే ఆ పూట నడిచే ధర తెలిసిపోతుంది. ఆ ధరకు తెచ్చుటకు బేరమాడుట న్యాయమే. ఆ ధర కంటె క్రిందికి లాగుటకు మంచి పూలను చెడ్డవనుట వేరు. అలాగే ఎండ ఎక్కిన తరువాత మిగిలిన పూలను తక్కువకు ఇస్తానని ఆమెయే పిలిస్తే కొనవచ్చును. అది ఆమెకు కూడా మేలు. ఎండ ఎక్కేదాకా ఆమె నెలాగో ఆపి, బిడ్డ బడికి పోవలసిన వేళ చూచి ధర విరుచుట మేలు కాదు. రెండింటిలోను మనము ఇచ్చిన సొమ్ము ఒక్కటే కావచ్చు. పని ఒక్కటి కాదు.

మేము బేరము కంటె ఎక్కువగా బాధపడే సంగతి ఇంకొకటి ఉన్నది. ఒప్పుకొన్న ధరను పని అయిన తరువాత తగ్గించుట. దండలు కొలత చెప్పి కట్టించుకొంటారు, వేదిక మీద వధూవరుల పేర్లు పూలతో వ్రాయిస్తారు. పెండ్లి అయి భోజనములు సాగుచుండగా డెకరేషన్ అబ్బాయి బిల్లు తెస్తాడు. "ఆ మూల పూలు పలుచగా ఉన్నవి", "కారుకు గులాబీలు తక్కువ వేశావు" అని చెప్పి రెండు మూడు వేలు కోస్తారు. లేదా "రేపు రా" అంటారు. ఆ అబ్బాయి ఏమి చేయగలడు? విప్పి తీసుకొనిపోయినను ఆ పూలు ఇంకొకరు కొనరు. రాత్రంతా నిలువుకాళ్ళ మీద పనిచేసిన కుర్రవాళ్ళు వ్యాను దగ్గర కూలి కొరకు ఎదురుచూస్తుంటారు. లేవీయకాండము 19వ అధ్యాయము 13వ వచనములో కూలివాని కూలిని తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకొనకూడదని ఆజ్ఞ యున్నది. ఆ ఆజ్ఞలో పని నచ్చకపోతే అనే మినహాయింపు మాకు కనబడలేదు. పని నిజముగా చెడినయెడల వేదిక కట్టుచున్నప్పుడే చెప్పవలెను, సరిచేయించవలెను.

ఇంకొకరి వంతు కూడా ఉన్నది, అది ఆడపిల్ల తండ్రిది. అతడు చామంతులతో సరిపెట్టుకొందామని లెక్క వేసుకొని యుంటాడు. మగపెండ్లివారు వచ్చి, "మా వైపు పెద్ద పెద్దవారు వస్తారు, వేదికకు ఆర్కిడ్లు వేయించండి" అంటారు. ఖర్చు వారిది కాదు. థాయిలాండు నుండి విమానములో వచ్చే పూలకు ఈ తండ్రి వడ్డీకి తెచ్చి చెల్లిస్తాడు. పూలు మూడు రోజులు, వడ్డీ మూడేండ్లు. కట్నము అడుగలేదని చెప్పుకొనే మంచి కుటుంబములే ఈ మాట అడుగుట మేము చూచాము. కోరినవారు చెల్లించుట అనే ఒక్క నియమము పెట్టుకొంటే వేదిక మీద సగము ఆర్కిడ్లు వాటంతటవే దిగిపోతవి. నిశ్చితార్థము నాడే పెద్దల యెదుట పూల సంగతి కూడా మాట్లాడుకొనుడని మేము ఇప్పుడు ఇరుపక్షముల వారికి చెబుతున్నాము. కొందరికి కోపము వస్తుంది. రానివ్వండి.

మన పెద్దల కాలములో పూల ఖర్చు తక్కువగా ఉండుటకు కారణము వారు గట్టి బేరగాండ్రు అగుట కాదు. విడిపూలు తెచ్చి పెండ్లి ముందు రాత్రి ఆడవారందరు చాప మీద కూర్చొని కట్టేవారు. ఎవరి పెరటిలో కనకాంబరములుంటే వారు బుట్టెడు తెచ్చేవారు. కూలి మిగిలేది, కాని ఎవరి నోటి దగ్గర నుండియు తీసినది కాదు; తమ చేతులే ఇచ్చినవి. ఇప్పుడు ఉద్యోగములు, ఫ్లాట్లు, పెరడు లేదు. అయినను ఇరువదిమంది యువతులున్న సంఘములో వధువు జడకు, అతిథులకిచ్చే పూలకు రెండు గంటలు కూర్చొనలేరా? దండలు మాత్రము కట్టుట వచ్చినవారికే వదలండి. రాని చేతులు కట్టిన దండ ప్రమాణములు ముగిసేలోపు విడిపోతుంది.

ఒకే దినమున ఒకే మందిరములో ఉదయము ఒక పెండ్లి, సాయంత్రము ఒక పెండ్లి ఉన్నప్పుడు ఒకే అలంకరణ పంచుకొనవచ్చును. ఈ మాట చెప్పగానే "వాడిన పూలలో మా అమ్మాయి పెండ్లా?" అంటారు. వాడినవి కొన్నియే ఉంటవి. మధ్యాహ్నము వచ్చి వాటిని మార్చుటకు డెకరేషన్ వారికి వేరుగా కొంత ఇచ్చి, మిగిలిన బిల్లును చెరిసగము చేసుకొంటే రెండు ఇండ్లకు తేలిక. ఉదయము వారు తాజా పూలు చూచారు గనుక ఎక్కువ ఇవ్వాలని సాయంత్రము వారు అడుగవచ్చు. అడిగితే కొంత ఇచ్చివేయుట మంచిది, దాని మీద పంచాయితీ అక్కరలేదు. ఆ పెండ్లిళ్ళు శనివారమైతే పూలు ఆదివారపు ఆరాధనకు కూడా ఉంటవి. సోమవారము తీసివేయునప్పుడు తీగలను, పచ్చని స్పంజివంటి ఫోమును విడదీసి పూలను ఆవరణలోని చెట్ల మొదట వేయించండి. ఫోము మాత్రము మట్టిలో కలియదు, దానిని డెకరేషన్ వారినే తిరిగి తీసుకొనిపొమ్మని ముందే చెప్పి ఉంచవలెను.